పచ్చికబయలుకు పడిన బాకీ

బడ్జెట్ సమావేశాలు వచ్చాయంటే పార్లమెంటులో ‘ఎరువు’ అన్న మాట వినిపించని వారం ఉండదు. యూరియా కొరత, డి.ఎ.పి. ధర, వ్యాగన్ల ఆలస్యం, నల్లబజారు, సబ్సిడీ బకాయిలు - ఈ ప్రశ్నలకు మంత్రులు చదివే సమాధానాలను ప్రెస్ గ్యాలరీలో కూర్చుని రెండు దశాబ్దాలకు పైగా వింటూ వస్తున్నాను. ప్రభుత్వాలు మారాయి, మంత్రులు మారారు, 2023లో సభాభవనమే మారింది. ప్రశ్నలు మాత్రం మారలేదు. ఇటీవలి సంవత్సరాలలో ఈ చర్చలోకి పేడ కూడా ప్రవేశించింది. సేంద్రియ వ్యవసాయం గురించి, గోబర్ గ్యాసు గురించి ఇరుపక్షాల సభ్యులూ ఉత్సాహంగా మాట్లాడుతున్నారు. ఇది సంతోషించదగిన విషయమే. అయితే ఒక చిన్న ప్రశ్న ఎవరూ వేసినట్లు నాకు జ్ఞాపకం లేదు. పేడ పశువు నుంచి వస్తుంది, పశువు గడ్డి తిని బతుకుతుంది, గడ్డి పచ్చికబయలులో మొలుస్తుంది. మరి ఆ పచ్చికబయలుకు మనం తిరిగి ఇస్తున్నదేమిటి?

ప్రశ్న అమాయకంగా కనిపించవచ్చు. కాని దేశంలోని మేతభూముల దుస్థితికి మూలకారణాలలో ఒకటి ఈ ప్రశ్నలోనే ఉన్నదని నా నమ్మకం.

మేసే పశువు తాను తిన్న మేతలోని నత్రజని, భాస్వరం, పొటాష్‌లలో కొద్ది భాగాన్ని మాత్రమే పాలుగా, మాంసంగా, ఉన్నిగా మార్చుకుంటుంది. తక్కినది, నూటికి 70 నుంచి 90 వంతుల వరకు, పేడ, మూత్రాల రూపంలో బయటికి వస్తుంది. అది మేసిన చోటనే పడితే నేల ఇచ్చినది నేలకే చేరుతుంది. పేడపురుగులు దానిని మట్టిలోకి లాగి పాతిపెడతాయి. వానపాములు దానిని తిని మట్టిని గుల్ల చేస్తాయి. నేలలో సేంద్రియ కర్బనం పెరుగుతుంది. వాన కురిసినప్పుడు నీరు పైపైన పారిపోక లోపలికి ఇంకుతుంది, వాన వెనుకపట్టినా గడ్డి మరికొన్నాళ్ళు పచ్చగా నిలుస్తుంది. ఈ పురుగుల పని ఎంత విలువైనదో ఆస్ట్రేలియా అనుభవం వల్ల లోకానికి తెలిసింది. అక్కడి స్థానిక పేడపురుగులు కంగారూల పెంటికలకు అలవాటుపడినవే తప్ప ఆవుపేడ జోలికి పోవు. పచ్చిక మీద పేడ నెలల తరబడి పేరుకుపోయి, గడ్డిని కప్పివేసి, ఈగలకు నిలయమైతే, ఆ దేశపు శాస్త్ర పరిశోధన సంస్థ 1960లలో ఒక పథకం చేపట్టి, ఆఫ్రికా మొదలైన చోట్ల నుంచి పేడపురుగులను తెప్పించవలసి వచ్చింది.

ఇక్కడ ఒక సత్యాన్ని స్పష్టంగా చెప్పుకోవాలి. పశువు ఎరువును సృష్టించదు, తరలిస్తుంది. గడ్డిలో ఉన్నదే పేడలోకి వస్తుంది. గడ్డిలో ఉన్నది నేల ఇచ్చినదే. కనుక పేడను ఒకచోట వేస్తున్నామంటే మరొకచోటి నుంచి సారాన్ని ఎత్తుకు వస్తున్నామని అర్థం. రసాయనిక ఎరువుల పక్షపాతులు పేడలో ఏముందని చప్పరిస్తారు. గోమయ భక్తులు పేడలో సర్వమూ ఉందంటారు. ఈ సారం ఎవరి ఖాతాలో నుంచి వచ్చిందని ఉభయులూ అడగరు.

మన గ్రామాలలో జరుగుతున్నది చూడండి. పగలంతా పశువులు ఊరి పచ్చికబయలులో మేస్తాయి. సాయంత్రానికి కొట్టాలకు చేరుతాయి. రాత్రి పడిన పేడ ఉదయాన పెంటదిబ్బకు, అక్కడి నుంచి రైతు చేనికి పోతుంది. బయలులో పగటిపూట పడిన పేడను సైతం తట్టలతో ఎత్తుకుని వచ్చి పిడకలు చేస్తారు. ఉమ్మడి భూమి సారం ఈ విధంగా ప్రతిరోజూ సొంత భూమికి, లేదా సొంత పొయ్యికి తరలిపోతున్నది. ఇది అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లే ఉన్నది. తరతరాలుగా ఇచ్చుకుంటూ పోవడమే తప్ప పుచ్చుకోవడం ఎరుగని నేల చివరకు ఏమవుతుంది? మంచి గడ్డిజాతులు నశిస్తాయి, పశువు ముట్టని మొక్కలు, ముళ్ళకంపలు మిగులుతాయి, పైమట్టి కొట్టుకుపోతుంది. అప్పుడు సర్కారు దానికి ‘బంజరు’ అని పేరు పెడుతుంది. కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి ప్రచురించే బంజరు భూముల అట్లాసులో క్షీణించిన మేతభూములు ఒక ప్రత్యేక తరగతి. బంజరు అన్న ముద్ర పడిన తరువాత పరిశ్రమకో, గృహనిర్మాణానికో, సౌరవిద్యుత్తుకో కేటాయించడానికి అడ్డేమున్నది? ముందు పస్తు పెట్టి, తరువాత చచ్చిందని చాటించి, ఆపై ఆస్తి పంచుకోవడమన్నమాట.

లెక్కలు ఇదే చెబుతున్నాయి. 1960-61లో దేశంలో శాశ్వత పచ్చికబయళ్ళు, మేతభూములు సుమారు 1.40 కోట్ల హెక్టార్లు. నేడు సుమారు 1.03 కోట్ల హెక్టార్లు. 2019 పశుగణన ప్రకారం దేశంలోని పశుసంపద 53 కోట్లకు పైమాటే. మేతపంటల సాగు మొత్తం సాగుభూమిలో దాదాపు 4 శాతం దగ్గరే దశాబ్దాలుగా ఆగిపోయింది. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినవారికి వేరే వ్యాఖ్యానం అవసరం లేదు.

ఎరువు గడ్డినేలను ఎలా మారుస్తుందో తెలుసుకోవడానికి లోకంలో అతి సుదీర్ఘమైన ప్రయోగం ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్‌లో 1856లో మొదలై నేటికీ సాగుతున్నది. ఎండుగడ్డి కోసే ఒక పచ్చికనేలను మడులుగా విభజించి, కొన్నిటికి రసాయనిక ఎరువులు, కొన్నిటికి పశువుల ఎరువు వేస్తూ, కొన్నిటిని ఏమీ వేయకుండా వదిలివేశారు. అమ్మోనియం సల్ఫేటు ఏటేటా వేసి, సున్నం వేయని మడుల్లో నేల తీవ్రంగా ఆమ్లభరితమైంది. డజన్లకొద్దీ మొక్కజాతులు ఉండే పచ్చిక రెండు మూడు జాతులకు పడిపోయింది. రాలిన గడ్డి కుళ్ళక చాపలా పేరుకుంది. పశువుల ఎరువు పడిన మడుల్లో ఇంతటి ఉత్పాతం జరగలేదు. అయితే అత్యధిక సంఖ్యలో జాతులు నిలిచినది మాత్రం ఏ ఎరువూ వేయని మడుల్లోనే. ఎరువు గడ్డి దిగుబడిని పెంచుతుంది, జాతుల వైవిధ్యాన్ని తగ్గిస్తుంది. పేడనైనా సరే కుమ్మరిస్తే మేలే జరుగుతుందనుకోవడం పొరపాటు.

మన దేశంలో భారత వ్యవసాయ పరిశోధన మండలి 1970ల తొలినాళ్ళ నుంచి దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలు నిర్వహిస్తున్నది. తెలంగాణలోని జగిత్యాల కేంద్రం కూడా వాటిలో భాగమే. హిమాచల్ ప్రదేశ్‌లోని పాలంపూర్‌లో ఏళ్ళ తరబడి నత్రజని ఎరువు ఒక్కటే వేసిన మడుల్లో ఆమ్లత్వం పెరిగి దిగుబడి శూన్యమైంది. సమతూకపు ఎరువులతో పాటు పశువుల ఎరువు వేసిన మడులు నిలిచాయి. కాని ఇవన్నీ పంటపొలాలలో జరిగినవి. గడ్డిభూముల కోసం ఝాన్సీలో 1962లో ప్రత్యేక పరిశోధన సంస్థను నెలకొల్పుకున్న దేశం మనది. అయినా పచ్చికబయలు నేల సారం అన్నది జాతీయ చర్చనీయాంశం కాలేదు.

పేడ అతి అయితే ఏమవుతుందో చూడాలంటే నెదర్లాండ్స్ వైపు చూడాలి. పెద్ద పశువు ఒకసారి మూత్రం పోసిన జానెడు మూరెడు చోటులో నత్రజని మోతాదు హెక్టారుకు 600 నుంచి 1000 కిలోల స్థాయిలో ఉంటుంది. ఏ గడ్డీ అంతటిని పీల్చుకోలేదు. కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత నైట్రేటుగా భూగర్భజలంలోకి దిగుతుంది. పశువులు కిక్కిరిసిన ఆ చిన్న దేశం 1984 నుంచే పేడపై ఆంక్షలు మొదలుపెట్టింది. 1991లో ఐరోపా దేశాలు నైట్రేటుల ఆదేశాన్ని తెచ్చుకుని, పశువుల ఎరువు ద్వారా నత్రజని హెక్టారుకు ఏడాదికి 170 కిలోలు మించరాదని హద్దు గీసుకున్నాయి. 2019 మే నెలలో నెదర్లాండ్స్ అత్యున్నత పాలనా న్యాయస్థానం ప్రభుత్వ నత్రజని విధానాన్ని కొట్టివేస్తే రైతులు ట్రాక్టర్లతో ప్రభుత్వ కేంద్రమైన హేగ్ నగరాన్ని ముట్టడించారు. 2023 మార్చిలో కొత్తగా పుట్టిన రైతుల పార్టీ రాష్ట్రాల ఎన్నికలలో ప్రథమస్థానంలో నిలిచింది. పేడ ప్రభుత్వాలను కదిలించగలదన్నమాట! అక్కడి పశువులు తినే దాణాలో పెద్ద భాగం దక్షిణ అమెరికా వంటి దూరదేశాల నుంచి ఓడలలో వచ్చేదే. ఎక్కడో నేలలు ఇచ్చిన సారం ఆ చిన్న దేశంలో గుట్టలు పడింది. అక్కడ అజీర్ణం, ఇక్కడ ఆకలి. రోగాలు రెండు, కారణం ఒకటే: తీసుకున్న చోటికి తిరిగి ఇవ్వకపోవడం.

మన విషయంలో ఈ సంగతి కొత్తగా కనిపెట్టినది కాదు. బ్రిటిషు ప్రభుత్వం పంపగా వచ్చిన వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడు జాన్ అగస్టస్ వోల్కర్ 1893లో వెలువడిన తన నివేదికలో భారతీయ రైతు అజ్ఞానం వల్ల పేడను కాల్చడం లేదని, వంటచెరకు దొరకకనే కాలుస్తున్నాడని చెప్పి, వంటచెరకు, పశుగ్రాసాల కోసం ప్రత్యేక వనాలు పెంచాలని సూచించాడు. ఇండోరులో ఆల్బర్ట్ హోవార్డ్ పేడను, చెత్తను కలిపి చివికించే పద్ధతిని రూపొందించి 1931లో ప్రపంచానికి వెల్లడించాడు. వోల్కర్ తరువాత శతాబ్దం దాటింది. 2016లో ఉజ్జ్వల పథకం వచ్చి పది కోట్లకు మించిన గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి శుభ్రమైన వంట ఇంధనం వాడే కుటుంబాలు 58.6 శాతమే. ఢిల్లీ నుంచి ఏ దిక్కుగా రైలులో బయలుదేరినా హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ గ్రామాల అంచులలో పిడకలను గుడిసెల్లా పేర్చి, పైన పేడ మెత్తిన బిటోడాలు నేటికీ వరుసగా కనిపిస్తాయి. వాటిని చూసి నాగరికులు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం అవి కాలబోతున్న పచ్చికబయళ్ళుగా కనిపిస్తాయి.

పశువూ పచ్చికా ఒకదానినొకటి పోషించుకున్న చోటు మన దేశంలో లేకపోలేదు. గుజరాత్‌లోని కచ్ జిల్లాలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్ల బన్నీ గడ్డిభూమి ఉన్నది. మాల్ధారీలు అక్కడ తరతరాలుగా పశువులను మేపుతున్నారు. 2010లో ప్రత్యేక జాతిగా గుర్తింపు పొందిన బన్నీ గేదె రాత్రివేళ బయలులో మేసి ఉదయాన ఇంటికి తిరిగివచ్చే స్వభావం గలది. రాత్రి పేడలో ఎంతో భాగం పచ్చిక మీదనే పడుతుంది. ఇదే బన్నీలో పేడకున్న మరో ముఖమూ కనిపిస్తుంది. ఉప్పునేల వ్యాప్తిని అరికట్టాలని 1960ల తొలినాళ్ళలో అటవీశాఖ అక్కడ సర్కారు తుమ్మను నాటింది. స్థానికులు దానికి ‘పిచ్చి తుమ్మ’ అని పేరు పెట్టారు. పశువులు తీపి కాయలను తిని, అరగని గింజలను పేడతో పాటు ఊరూరా చల్లాయి. దరిమిలా తుమ్మ గడ్డిని మింగింది. పేడ తనకు తానుగా మంచీ కాదు, చెడూ కాదు. మనం బయలులో ఏమి నాటామో దానినే అది విస్తరింపజేస్తుంది.

ఇక మన తెలుగు రాష్ట్రాల సంగతి. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ 1.91 కోట్లతో ప్రథమస్థానంలో, ఆంధ్రప్రదేశ్ 1.76 కోట్లతో ద్వితీయస్థానంలో నిలిచాయి. దేశంలోని 7.43 కోట్ల గొర్రెలలో దాదాపు సగం మనవే. పొలంలో మంద పెట్టించుకోవడం మన రైతుకు తాతలనాటి విద్య. కోతల తరువాత కురుమలు, గొల్లలు మందలను తోలుకుని వస్తారు. కొన్ని రాత్రులు చేనిలో మంద పడుకుంటుంది. రైతు ధాన్యమో, డబ్బో ఇచ్చి పంపుతాడు. సాధారణ పశువుల ఎరువులో నత్రజని అర శాతమైతే గొర్రె పెంటికలలో దాదాపు 3 శాతం ఉంటుంది. పైగా మూత్రం నేరుగా నేలలో ఇంకుతుంది. బండి కూలి లేదు, కుప్ప వేయడం లేదు, చల్లడం లేదు. మంద నడిచివచ్చే ఎరువుల కర్మాగారం. కాని ఆ మంద ఏడాదిలో అత్యధిక కాలం మేసేది మేత పోరంబోకులలో, బంచరాయిలలో, అడవి అంచులలో. అక్కడ మంద పెట్టించుకోవడానికి ఆసామి ఎవరు? ధాన్యం కొలిచేదెవరు?

ఢిల్లీ ఈ లెక్కను ఎలా వేస్తున్నదో చూద్దాం. 2022-23లో కేంద్రం ఎరువుల సబ్సిడీకి సుమారు రెండున్నర లక్షల కోట్ల రూపాయలు వెచ్చించింది. టన్ను పశువుల ఎరువులో ఉండే నత్రజని సుమారు 5 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోలు. అంటే నత్రజని ఒక్కటే చూస్తే నాలుగు టన్నుల ఎరువు ఒక బస్తాకు సమానం. సబ్సిడీ పుణ్యాన 266 రూపాయల 50 పైసలకు బస్తా చేతికి వస్తుంటే నాలుగు టన్నుల పెంట తోలుకునే రైతు ఎవడు? కర్బనం, పొటాష్, జింకు వంటి సూక్ష్మపోషకాలు, నేల గుల్లదనం - బస్తాలో లేని ఈ విలువలను ఏ ధరల పట్టికా లెక్కించదు. 2023 జూన్ 28న కేంద్ర మంత్రివర్గం గోబర్‌ధన్ ప్లాంట్లలో తయారయ్యే సేంద్రియ ఎరువుకు టన్నుకు 1,500 రూపాయల సహాయాన్ని ఆమోదించి 1,451.84 కోట్లు కేటాయించింది. రెండున్నర లక్షల కోట్ల పక్కన ఇది గొర్రె తోక బెత్తెడు చందమే. ఆ బెత్తెడైనా ప్లాంటు గేటు దాటిన ఎరువుకే. బయలులో మంద వేసిన ఎరువుకు రసీదు లేదు గనుక రూపాయీ లేదు.

దీనికి పాలనా వ్యవస్థలోని చీలిక ఒక కారణం. ఎరువు రసాయనాల మంత్రిత్వశాఖ సొత్తు. పశువు 2019లో ఏర్పడిన పశుపోషణ మంత్రిత్వశాఖది. అడవిలోని గడ్డి పర్యావరణ శాఖది. బంజరు గ్రామీణాభివృద్ధి వారిది. భూమి, పశువు రెండూ రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాలవి. దశాబ్దాలపాటు ఎరువుల శాఖ శాస్త్రి భవన్‌లో, వ్యవసాయం, పశుపోషణ కృషి భవన్‌లో కొలువుండేవి. నడుమ ఉన్నది ఒక్క రోడ్డే, కాని ఫైలు దాటడానికి అది గంగానది. ఈ చీలికకు చక్కని ఉదాహరణ భూసార కార్డుల పథకం. 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రధాని దీనిని ప్రారంభించారు. మంచి పథకమే. కాని కార్డు రైతు కమతానికి ఇస్తారు. ఉమ్మడి పచ్చికబయలుకు పట్టాదారు లేడు, కనుక కార్డు లేదు. రోగికి యజమాని లేడని నాడి చూడని వైద్యాన్ని ఏమనాలి?

చేనికి పోయే పేడను ఆపి బయలుకు పోయమంటే సన్నకారు రైతు నోరు కొట్టినట్లు కాదా అని పాఠకులు అడగవచ్చు. ఆక్షేపణ సమంజసమే. నేను కోరేది పేడనంతా తిరిగి ఇమ్మని కాదు, వాటా ఇమ్మని. వానాకాలం ఆరంభంలో కొన్ని రాత్రులు మందలను వంతులవారీగా బయలులోనే పడుకోబెట్టవచ్చు. ఒకచోట పదేపదే కాక చోటు మారుస్తూ పోతే పైన చెప్పిన అతి బెడద ఉండదు. గ్యాసు ప్లాంట్ల నుంచి వెలువడే ముద్దలో కొంత పచ్చికబయలుకు కేటాయించవచ్చు. స్టైలో వంటి పప్పుజాతి మేతమొక్కలు చల్లితే గాలిలోని నత్రజనిని అవే నేలకు దించుతాయి. వీటన్నిటికీ ముందు నేలకు విశ్రాంతి కావాలి. వేళ్ళ దాకా మేసేసిన బయలు మీద ఎంత ఎరువు వేసినా బూడిదలో పోసిన పన్నీరే. ఒక వంతు బయలును కొంతకాలం మూసి, తక్కిన వంతులలో మేపడం గ్రామం మొత్తం ఒప్పుకుంటేనే సాధ్యం. అందుకే ఇది ఒక్క రైతు చేయగల పని కాదు, పంచాయతీ చేయవలసిన పని.

పంచాయతీ చేతిలో అసలు బయలు మిగలాలి కదా! 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించే పథకాలు రూపొందించాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ తీర్పు వచ్చి దశాబ్దంన్నర కావస్తున్నా అమలు నత్తనడకనే సాగుతున్నది. ఆక్రమణదారులలో పేదవాడి గుడిసె ఒకటైతే పెద్దమనిషి తోట నాలుగు. నోటీసులు ఎవరికి ముందు అందుతాయో వేరే చెప్పనక్కరలేదు.

ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 2022లో చేసిన తీర్మానంలో 2026ను అంతర్జాతీయ మేతభూముల, పశుకాపరుల సంవత్సరంగా ప్రకటించింది. ఇటువంటి సంవత్సరాలు తపాలా బిళ్ళతో, విజ్ఞాన భవన్ ఉపన్యాసాలతో ముగియడం ఢిల్లీలో పరిపాటి. దేశపు గొర్రెలలో సగాన్ని సాకుతున్న రెండు రాష్ట్రాల ఎం.పి.లు పక్షభేదాలు మరచి మూడు కోర్కెలతో సభలో లేచి నిలబడితే ఆ ఆనవాయితీ తప్పుతుంది. పచ్చికబయళ్ళకూ భూసార పరీక్షలు చేయించాలి. టన్నుకు ఇచ్చే సహాయంలో బయలులో మంద పెట్టే కాపరికీ వాటా ఇవ్వాలి. మేతభూమిని బంజరుగా చూపి కేటాయించే ముందు గ్రామసభ సమ్మతి తప్పనిసరి చేయాలి. వీటికి యూరియా సబ్సిడీలో వెయ్యో వంతు చాలు.

పచ్చికబయలు ధర్నా చేయదు, ఓటు వేయదు, ప్రశ్నోత్తరాల సమయంలో చేయి ఎత్తదు. దాని తరఫున మాట్లాడే కాపరి మందతో పాటు ఊళ్ళు తిరుగుతూ ఉంటాడు. అందుకనే దాని పద్దు ఏనాడూ ఏ మంత్రి బల్లమీదికీ రాలేదు. మన పాలలో, మన పంటలో, మన పొయ్యిలో ఉన్న సారం దానికి మనం పడిన అప్పు. అప్పు తీర్చడాన్ని దానమని ఎవరూ అనరు. ఎగవేతను మాత్రం నేల ఎన్నటికీ క్షమించదు.